చేతుల టీచరు

దర్జీ దుకాణం పైన ఒక గది ఉంది. దానికి వెళ్ళే మెట్లు ఎంత ఇరుకంటే, ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ ఎదురుపడితే ఎవరో ఒకరు గోడకు బల్లిలా అతుక్కోవాల్సిందే. సాయంత్రం పూట ఆ గదిలో ఇంగ్లీషు మాట్లాడటం నేర్పుతారు. కింద కుట్టుమిషన్ల రొద, పైన ఫ్యాను రొద, ఆ రెంటి మధ్య నిలబడి గొంతు చించుకునే ఆవిడకు చేతుల టీచరని పేరు. ఎదురుగా ఉన్నప్పుడు టీచరమ్మా అనో మేడమ్ అనో అంటారు. ఆవిడ అటు తిరిగిందా, చేతుల టీచరే.

ఆ పేరు ఊరికే రాలేదు. దేన్నయినా ఆపడానికి మనకు మహా అయితే ఓ నాలుగు మాటలు: ఆపాం, అడ్డుకున్నాం, తప్పించుకున్నాం, కాచుకున్నాం. ఇంగ్లీషువాడికి అలా కాదు, ఆపడంలోనూ వాడికి సవాలక్ష రకాలు. రాబోయేది రాకుండా ముందే గడియ పెట్టేస్తే ప్రివెంట్. వచ్చి మీద పడబోయేదాన్ని పక్కకు మళ్ళిస్తే వార్డ్ ఆఫ్. పడ్డాక మోచేతులతో నెట్టుకుంటూ నిలబడితే ఫెండ్ ఆఫ్. ఎలాగూ వచ్చేదే, ఈ పూటకి ఆగితే చాలు అనుకుంటే స్టేవ్ ఆఫ్. వచ్చేవాడికి ఎదురెళ్ళి మాటల్లో పెట్టి దారి మళ్ళిస్తే హెడ్ ఆఫ్. దగ్గరికి రానివ్వకుండా దూరంగానే నిలబెడితే కీప్ ఎట్ బే.

బట్టల షాపులో అమ్మకాలు చేసే ఆడపిల్లలు, గేటు దగ్గర కాపలా కాసే గార్డు, ప్రమోషను పరీక్ష రాయబోయే కానిస్టేబులు, ఇలాంటి వాళ్ళండీ అక్కడికి వచ్చేది. ఈ మాటలన్నీ కలగాపులగమైపోయి నెత్తి పట్టుకునేవారు. టీచరమ్మ ఒక్క ప్రివెంట్‌కి తప్ప ఒక్కో మాటకూ ఒక్కో భంగిమ పెట్టింది. అరచెయ్యి చెవి దగ్గరికి పోయి తల పక్కకు వాలితే వార్డ్ ఆఫ్. మోచేతులు రెండూ ముఖం ముందు కలిస్తే ఫెండ్ ఆఫ్. లేని తలుపుకు భుజం ఆనించి కాళ్ళు తన్నిపెడితే స్టేవ్ ఆఫ్. నవ్వు మొహంతో మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని గబగబా ఎదురెళితే హెడ్ ఆఫ్. బల్లను మధ్యలో ఉంచుకుని దాని చుట్టూ తిరిగితే కీప్ ఎట్ బే. పుస్తకం ముట్టుకోకూడదు. ఆవిడ భంగిమ పెట్టగానే గదంతా ఒక్క గొంతుతో ఆ మాట అరవాలి. అదీ ఆవిడ పద్ధతి. అరుపుకి కింద దర్జీ మిషను ఆపి పైకి చూసేవాడు. పైన నవ్వులు, చప్పట్లు.

నవ్వారండీ. కడుపు పట్టుకుని నవ్వారు. ఒక ఆడమనిషికి కాచుకోవడంలో ఇన్ని రకాలు ఎలా తెలిశాయి అని ఒక్కరికి, ఒక్కరంటే ఒక్కరికి అనుమానం రాలేదు. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆవిడ మొగుడికి పెద్దవీధి మలుపులో మందుల షాపుంది. ఆయన గురించి ఎవర్నడిగినా ముందు ఒక దణ్ణం పెట్టి తర్వాత నోరు విప్పుతారు. ముసలివాళ్ళకి మాత్రల అట్టల మీద పొద్దున్నది, రాత్రిది అని పెన్నుతో రాసిస్తాడు. జ్వరంతో ఏడ్చే పిల్లని చూస్తే తనే సీసా మూత తీసి, బుజ్జగించి ఒక చెంచా పట్టిస్తాడు. గొంతు పెంచగా విన్నవాళ్ళు లేరు. దేవుడులాంటి మనిషి అని పేరు.

ఆ దేవుడు ఇంటికొచ్చి చెప్పులు విప్పే చప్పుడును బట్టి ఆవిడకు ఆ పూట ఎలా ఉండబోతోందో తెలిసిపోయేది. కూర చల్లారిందని కొట్టేవాడు. ఫోను మోగిన వెంటనే ఎత్తలేదని కొట్టేవాడు. ఏ తప్పూ దొరక్కపోతే ఇంత ఒద్దికగా ఉన్నావంటే ఏదో దాస్తున్నావని కొట్టేవాడు. కొట్టినా జాకెట్టు చేతులు కప్పేచోటే, జుట్టు కప్పేచోటే. ఆ విషయంలో మహా నేర్పరి. తర్వాత షాపు నుంచి తెచ్చిన ఆయింట్‌మెంటు తనే రాసేవాడు. రాస్తూ, "నన్నలా రెచ్చగొట్టకే, నాకు మాత్రం బాధగా ఉండదా?" అనేవాడు. ఎంత ప్రేమో చూడండి!

చెప్పుల చప్పుడు బాలేకపోతే ఆవిడ మంచినీళ్ళ గ్లాసుతో ఎదురెళ్ళేది. అది పారకపోతే భోజనాల బల్లకు ఆ పక్కన ఉండేలా చూసుకునేది. అదీ పారకపోతే పడగ్గది తలుపుకు భుజం ఆనించేది. తలుపు ఎప్పుడూ ఆయన పక్షమే. ఆ తర్వాత మోచేతులు. అందరూ నిఘంటువులో చూసి నేర్చుకున్న మాటల్ని ఆవిడ వంటింటికీ పడగ్గదికీ మధ్య నేర్చుకుంది.

మరి ఎవరికైనా చెప్పొచ్చుగా అంటారా? చెప్పింది. పెళ్ళైన కొత్తలోనే అన్నయ్య ఇంటికి వెళ్ళి, వదిన పక్కనుండగానే జాకెట్టు చెయ్యి పైకి మడిచి చూపించింది. అన్నయ్య ఆ చేతిని చూసి, గోడ వంక చూసి, మళ్ళీ ఆ చేతిని చూడలేదు.

"బావగారా? ఛ ఛ. చీమక్కూడా హాని చెయ్యడే ఆయన. నాన్న ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ మందులన్నీ ఎవరు పంపారనుకున్నావ్? నువ్వే ఏదో అని ఉంటావ్. నీ నోరు నాకు తెలీదా?"

"నేనేం అనలేదు అన్నయ్యా."

"అదే, ఏమీ అనకుండా మూతి ముడుచుకుని కూర్చునుంటావ్. మగాడికి మండదూ?"

వదిన నెమ్మదిగా ఆవిడ జాకెట్టు చెయ్యి కిందికి దించి, "అన్నం తినేసి వెళ్ళమ్మా, చీకటి పడకముందే ఇల్లు చేరుకోవాలిగా" అంది. అన్నం పెట్టి పంపించారు. అంతే.

అప్పుడే ఆవిడకు ఒకటి అర్థమైంది. తను నోరు తెరిచి చెప్తే ఎవరూ వినరు. ఎవరో ఒకరు తమంతట తామే చూడాలి, ఏమ్మా ఏమైంది అని అడగాలి. అడిగితే చాలు, అంతా చెప్పేస్తుంది. ఆవిడకు కావలసింది అంతే, అడిగే ఒక్క మనిషి.

చేతుల పాఠం పుట్టింది కూడా ఆ ఆశలోంచే. ఒకరోజు క్లాసులో గార్డు బోర్డు పైభాగం తుడుద్దామని డస్టరు పట్టుకుని ఆవిడ వెనకనుంచి చెయ్యెత్తాడు. పొడుగు మనిషి, పాపం మంచివాడు. ఆవిడ ఇటు తిరిగి ఆ ఎత్తిన చెయ్యి చూసిందో లేదో, అరచెయ్యి దానంతటదే చెవి మీదికి పోయింది, మోకాళ్ళు వంగిపోయాయి. గార్డు డస్టరు దించేసి వెనక్కి జరిగాడు. పరువు పోతుందన్న భయంతో ఆవిడే చటుక్కున లేచి నవ్వేసింది.

"చూశారా? దీన్నే వార్డ్ ఆఫ్ అంటారు! ఏదీ, అందరూ అనండి!"

అందరూ అన్నారు. అందరూ నవ్వారు. ఇంటికెళ్తూ దారి పొడుగునా ఆవిడ సిగ్గుతో చచ్చిపోయింది. మలుపు దాటాక మాత్రం ఇంకో ఆలోచన వచ్చింది: రోజూ ఇలా అందరి కళ్ళముందూ చేసి చూపిస్తే, ఎవరో ఒకరికి తట్టదా? అలా ఒక్కో మాటా, ఒక్కో దెబ్బా ఆ గదిలోకి తెచ్చి పెట్టింది. అడుగుతారని చూసింది. వాళ్ళేమో పరీక్షల్లో మంచి మార్కులు తెచ్చుకుని, థాంక్యూ మేడమ్ అని వెళ్ళిపోతున్నారు.

ఆ ఏడాది కొత్తగా ఒక ఆయా చేరింది. ఆస్పత్రి వార్డులో పక్కలు మార్చే మనిషి, వయసులో టీచరమ్మకంటే పెద్దదే. "నర్సమ్మలు ఇంగ్లీషులో తిడుతుంటే పొగుడుతున్నారో తిడుతున్నారో తెలీట్లేదమ్మా" అని చెప్పి చేరింది. ఆఖరి బెంచీలో కూర్చునేది. మిగతా పాఠాలకు కునికిపాట్లు పడేది. చేతుల పాఠం రోజు మాత్రం నిటారుగా కూర్చుని రెప్ప వెయ్యకుండా చూసేది. నోరు తెరిచి అరిచేది కాదు. బల్ల కింద చేతులు కదిలిస్తూ ఉండేది. ఒకరోజు నిలబడి అడిగింది.

"టీచరమ్మా, చెవి దగ్గర చెయ్యి పెట్టినప్పుడు బొటనవేలు లోపలికుండాలా, బైటికా?"

"లోపలికే. బైటుంటే విరుగుతుంది" అంది టీచరమ్మ అలవాటుగా. అందరూ గొల్లుమన్నారు. ఆయా నవ్వలేదు. అడుగుతుందేమో, ఈవిడే అడుగుతుందేమో అని టీచరమ్మ క్లాసు అయిపోయాక బోర్డు తుడుస్తూ, తుడిచిందే తుడుస్తూ నిలబడింది. ఆయా సంచీ తీసుకుని వెళ్ళిపోయింది.

ఇలా ఉండగా ఆ శిక్షణ కేంద్రం ఓనరుకి ఒక బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది.

"మేడమ్, మీ చేతుల పాఠం వీడియో తీసి వదులుదాం. వచ్చే బ్యాచికి జనం విరగబడిపోతారు చూడండి."

ఆవిడ ముందు జంకింది. ఇంట్లో తెలిస్తే ఏమవుతుందో తెలియని మనిషి కాదు. కానీ ఇక్కడ ఈ నాలుగు బెంచీలవాళ్ళకి తట్టకపోతే ఏం, బైట లోకమంత మంది ఉన్నారు కదా, అంతమందిలో ఒక్కరికైనా తట్టదా అనుకుంది. సరేనంది. ఎప్పుడూ చెయ్యనంత బాగా చేసింది. దాచకుండా చేసింది. ఫెండ్ ఆఫ్ దగ్గర ఒక్క క్షణం కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి.

వీడియో ఊరూరా తిరిగింది. కింద జనం రాసినవి ఆవిడ బస్సులో కూర్చుని ఒక్కొక్కటే చదువుకుంది. నవ్వలేక చచ్చాం అని ఒకరు. ఏడుపు కూడా భలే నటించింది అని ఒకరు. పాపం ఈవిడ మొగుడి గతేంటో అని ఇంకొకరు. ఆ ఆఖరిదానికి లెక్కలేనన్ని మెచ్చుకోళ్ళు. ఆవిడ దిగాల్సిన చోటు దాటిపోయాక ఫోను మూసింది.

మందుల షాపులో చివరికి ఆ వీడియో ఒక ముసలావిడ చూపించింది. బీపీ మాత్రలు తీసుకుంటూ, "మీ ఆవిడేనటగా బాబూ! నిజంగా ఎవరో కొడుతున్నట్టే చేసిందమ్మా, నా తల్లే!" అంటూ ఫోను ఆయన చేతిలో పెట్టింది. ఆయన మొదటినుంచి చివరిదాకా చూశాడు. తన బల్ల, తన తలుపు, తన మంచినీళ్ళ గ్లాసు. ఆ వీడియో చూసిన లోకం మొత్తం మీద ఆ పాఠం అర్థమైన మొట్టమొదటి మనిషి ఆయనే. ముసలావిడ మాత్రల అట్ట మీద ఎప్పట్లాగే పొద్దున్నది, రాత్రిది అని రాసిచ్చాడు. ఆవిడ మలుపు తిరిగాక షట్టరు దించేశాడు.

ఆ సాయంత్రం కొత్త బ్యాచి మొదటి క్లాసు. బెంచీలు చాలక గోడలకు ఆనుకుని నిలబడ్డారు. పాతవాళ్ళు కూడా వచ్చారు, అచ్చం సినిమా మళ్ళీ చూడ్డానికి వచ్చినట్టు. టీచరమ్మ పాఠం మొదలుపెట్టిందో లేదో తలుపు దగ్గర కలకలం. "మందుల సారు! సారుకి దారివ్వండి!" ఓనరు పరుగున వెళ్ళి కుర్చీ లాగాడు. ఆయన అందరికీ నమస్కారాలు పెడుతూ, నవ్వుతూ నేరుగా బోర్డు దగ్గరికి వచ్చాడు. ఆవిడకు తప్ప ఇంకెవరికీ వినపడకుండా అన్నాడు.

"నన్ను బజార్లో పెడతావుటే?"

చెయ్యి ఎత్తాడు. ఇన్నేళ్ళూ గుట్టుగా ఉంచిన చెయ్యి, ఇంతమందిలో ఎత్తాడు. ఆవిడ అరచెయ్యి చెవి మీదికి పోయింది.

"వార్డ్ ఆఫ్!" అరిచింది గదంతా.

దెబ్బ చేతి మీదే పడింది. రెండోది ముఖం మీదికి వచ్చింది. మోచేతులు కలిశాయి.

"ఫెండ్ ఆఫ్!"

మోచేతుల సందులోంచి తగిలి పెదవి చిట్లింది. ఆవిడ వెనక్కి తూలి బల్లకు ఆ పక్కకు పోయింది. ఆయన ఇటునుంచి, ఆవిడ అటునుంచి.

"కీప్ ఎట్ బే!" బెంచీల మీద దరువులు, ఈలలు.

"బాబూ, ఆపండయ్యా! ఇది పాఠం కాదు! నిజంగా కొడుతున్నాడు!" అని ఆవిడ తెలుగులో అరిచింది. నవ్వులు ఇంకా పెరిగాయి. "మేడమ్, కేక!" అన్నాడెవడో. ఫోన్లన్నీ పైకి లేచాయి. కానిస్టేబులు కూడా ఎత్తాడు. కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు వెధవ.

ముందు తెలివి తెచ్చుకుంది ఆయనే. చుట్టూ చూశాడు. ఒక్క మొహంలోనూ భయం లేదు, అసహ్యం లేదు. చెయ్యి దించి, చొక్కా సర్దుకుని, సభకు వంగి దణ్ణం పెట్టాడు. "ఇంట్లో మేం రోజూ ఇలాగే ప్రాక్టీసు చేస్తామండీ" అన్నాడు. గది చప్పట్లతో దద్దరిల్లింది. పోతూ పోతూ ఆవిడ పక్కన ఆగి, "ఇంటికి రా" అన్నాడు.

ఓనరు ఉబ్బితబ్బిబ్బైపోతూ వచ్చాడు. "ఎంత సహజంగా చేశారు మేడమ్! అబ్బ, ఆ రక్తం ఏంటి, రంగా? సారుని ప్రతి బ్యాచికీ ఒకసారి తీసుకురావాలి, నా మాట కాదనకూడదు."

ఆవిడ ఓనరు మొహంలోకి చూసింది. అందరూ దిగిపోయేదాకా బల్ల అంచు పట్టుకుని నిలబడి, తర్వాత మెట్ల దగ్గరికి వచ్చింది. మెట్ల మధ్యలో గోడకు ఆనుకుని ఆయా నిలబడి ఉంది. కొంగుతో టీచరమ్మ పెదవి అద్దింది.

"నాకు మొదట్నుంచీ తెలుసమ్మా" అంది.

టీచరమ్మకు ఏడుపూ కోపమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. "తెలిసి కూడా అడగలేదా? ఎందుకు అడగలేదు? ఒక్క మాట అడిగితే నీ సొమ్మేం పోయేది?"

"అడిగితే మీరు పాఠం మానేస్తారని భయమేసిందమ్మా." ఆయా మొహం పక్కకు తిప్పుకుంది. "నేనొచ్చింది ఇంగ్లీషు కోసం కాదు. వీడియో రాకముందే మా పక్కింటి పిల్ల మీ పాఠం గురించి చెప్పింది. చేతులు ఎలా పెట్టాలో నేర్పుతారటగా అని వచ్చాను. మా ఇంట్లోనూ అదే గోల. నాకు చేతులు ఎత్తడం కూడా చేతకాదు, మొహం పెట్టేస్తాను అంతే. మీరు ఇన్నేళ్ళు కాచుకున్నారంటే ఇవి పనిచేస్తాయి కామోసు అనుకున్నా."

టీచరమ్మ మెట్టు మీద కూలబడింది. లోకమంతటికీ పాఠం చెప్పింది. నేర్చుకున్నవాళ్ళు ఇద్దరు: ఒకడు మొగుడు, ఇంకొకరు ఈ తల్లి.

"పనిచెయ్యవు ఆయమ్మా. ఏదీ పనిచెయ్యదు. అన్నీ చేసి చూశాను" అంది.

"మరి పనిచేసేదేంటమ్మా?"

కింద దర్జీ మిషను మీద గుడ్డ కప్పి దీపం తీసేస్తున్నాడు. టీచరమ్మ ఆయా చెయ్యి పట్టుకుని లేచింది. "పద, స్టేషనుకి పోదాం. వాడు చేసింది ఇవాళ గదినిండా చూశారు. కాదనడానికి వీల్లేదు" అంది.

స్టేషన్లో క్లాసు కానిస్టేబులే ఎదురొచ్చాడు. అప్పుడే వచ్చి డ్యూటీ ఎక్కినట్టున్నాడు. "మేడమ్! మీరేంటి ఇక్కడ?" అన్నవాడు ఆవిడ పెదవి చూసి ఆగిపోయాడు. దగ్గరగా చూశాడు. అది రంగు కాదని అప్పటికి తెలిసింది మహానుభావుడికి.

"నిజమేనా మేడమ్?"

"నిజమే. నువ్వు ఫోనులో తీసుకున్నావుగా. వచ్చి చెప్పు."

కానిస్టేబులు జేబులో ఫోను తడుముకున్నాడు. "చెప్పొచ్చు మేడమ్... కానీ అందులో మేమంతా నవ్వుతున్నాం. చప్పట్లు కూడా కొట్టాం. అది సాక్ష్యం ఎలా అవుతుంది?"

"నేను నవ్వలేదు" అంది ఆయా. "నేను చెప్తాను. ఏం, నా సాక్ష్యం పనికిరాదా?"

అతను వాళ్ళని ఇన్‌స్పెక్టరు గదిలోకి తీసుకెళ్ళాడు. ఇన్‌స్పెక్టరు తల ఎత్తి, టీచరమ్మని పోల్చుకుని, కుర్చీలోంచి సగం లేచాడు.

"అరె, వీడియో మేడమ్! రండి రండి, కూర్చోండి. మా పిల్లలకి ఇంట్లో రోజూ ఇదే ఆటండీ. చదువు మానేసి చేతులు తిప్పుతున్నారు." ఫోను తీశాడు. "ఒక్కసారి ఆ చెవి దగ్గరది చేసి చూపించండి. మా వాళ్ళకి పంపిస్తే గంతులేస్తారు."

"మా ఆయన నన్ను కొడుతున్నాడు. కంప్లయింటు ఇవ్వడానికొచ్చాను" అంది ఆవిడ.

"అలాగే అలాగే, రాసుకుంటాం, అదెంతసేపు. ముందు అది ఒక్కటి."

ఆవిడ రెండు చేతులూ ఆయన బల్ల మీద బోర్లించి పెట్టింది. రాసుకునేదాకా ఎత్తనని చెప్పింది. ఇన్‌స్పెక్టరు ఆ చేతుల వంక చూశాడు, ఇది కొత్త భంగిమ కాబోలనుకుని నవ్వుతూ ఫోను ఆవిడ మొహానికి ఎదురుగా పట్టుకున్నాడు.